పసుపు గూళ్ల మధ్య తెల్లగూడు

"ఏమప్పా, ఇవి నువ్విచ్చిన గుడ్లకు పుట్టినవేనా?"

అంటూనే ఆ అమ్మాయి గోనెసంచి మూతి విప్పి బల్ల మీద బోర్లించింది. పట్టుగూళ్లు రిజిస్టరు మీద దొర్లాయి, నేల మీద పడ్డాయి. ఒకటి సరిగ్గా వెళ్లి యూనస్ తాగుతున్న టీ గ్లాసులో మునిగింది.

యూనస్ ముందు గ్లాసులోంచి గూడు తీశాడు. తర్వాత తలెత్తాడు. ఎత్తిన తల దించడం మరిచిపోయాడు.

అది తొంభైయేడు ఆగస్టు. హిందూపురంలో పొద్దుటి నుంచి తుంపర పడుతూనే ఉంది. పట్టుపురుగుల గుడ్లు తయారుచేసి రైతులకు అమ్మే ఒక చిన్న కేంద్రంలో యూనస్ టెక్నికల్ అసిస్టెంటు. బీయస్సీ జువాలజీ చదివి రెండేళ్ల కిందట చేరాడు. కోపంగా వచ్చే రైతులు అతనికి కొత్త కాదు. కానీ ఇలాంటి కళ్లు అతనెప్పుడూ చూడలేదు. నల్లనివి కావు, గోధుమవీ కావు. పల్చటి తేనెలో కాస్త ఆకుపచ్చ కలిపినట్టున్నాయి. వానకు తడిసిన ముసుగు నుదుటికి అంటుకుపోయి ఆ కళ్లు ఇంకా పెద్దగా కనబడుతున్నాయి.

"నా కండ్లు చూసింది చాలు గానీ, గూళ్లు చూడు సారూ."

యూనస్ చెవులు వేడెక్కాయి. గబగబా గూళ్ల మీదికి వంగాడు. చూసిన కొద్దీ అతని మొహం మారింది. కొన్ని పసుపు, కొన్ని తెలుపు, కొన్ని పాలిపోయిన ఆకుపచ్చ. కొన్ని రెండు వైపులా మొన తేలి ఉన్నాయి, కొన్ని శెనక్కాయలాగా నడుము దగ్గర నొక్కుకుపోయి ఉన్నాయి. బొటనవేలంతవి కొన్ని, చిటికెనవేలి కొసంతవి కొన్ని.

"మార్కెట్లో దారం తీసే రీలర్లు ఏమన్నారో తెలుసునా? 'ఏమ్మా, ఇది ఒక ఇంటి పంటనా, ఇంటింటికీ పోయి అడుక్కోనొచ్చినావా' అని నగినారు. పొద్దున్నించీ ఒక్కడు చెయ్యి పెట్టలేదు. నెలరోజులు కండ్లు మూయకుండా మేపినాం ఈ పురుగుల్ని."

చివరి మాటకి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ, వాటిని కిందికి జారనివ్వలేదు.

"ఏ ఊరు మీది?"

"పెనుకొండ పక్కన. నబీసాబ్ కూతుర్ని. ఫిర్దోస్."

యూనస్ రిజిస్టరు తిప్పాడు. మే నెలలో నబీసాబ్ పేరుంది, పక్కన వేలిముద్ర ఉంది. జూన్, జూలై పేజీలు రెండుసార్లు చూశాడు.

"మే నెలలో గుడ్లు తీసుకున్నారు. ఆ తర్వాత మీ నాయన ఈడికి రాలేదే."

"అంటే? మేం అబద్ధం చెప్తాండామా?"

"నేనట్ల అనలేదు."

"అన్నావు. నోటితో అనలేదు, పుస్తకంతో అన్నావు. గుడ్లు వేసిన కాయితం మా పురుగుల గదిలో నా కండ్లతో చూసినా."

"దాని మీద మా సీలుండిందా?"

ఫిర్దోస్ ఒక్క క్షణం తడబడింది. ఆ తడబాటు అతను చూశాడని తెలిసి ఇంకా కోపం తెచ్చుకుంది. "మీ పెద్దసారు యాడుంటాడు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలి గదిలోకి వెళ్లింది.

మేనేజరు గంగాధరప్ప మంచివాడే గానీ, గొడవలంటే భయం. సాయంత్రానికి యూనస్ చేతిలో మెమో పెట్టాడు.

"వారంలో తేల్చు యూనస్. కలగలుపు గుడ్లు అమ్ముతారని ఒక్కసారి పేరొచ్చిందంటే మనదగ్గరికి ఎవరొస్తారు? తప్పు మనదే అయితే నేను నిన్ను కాపాడలేనప్పా."

మర్నాడు పొద్దున్నే యూనస్ పెనుకొండ బస్సెక్కాడు. అక్కడినుంచి మూడు మైళ్లు నడక. కొండకోట వెనక నుంచి మబ్బులు దిగివస్తున్నాయి, ఎర్రమట్టి చెప్పులకు అంటుకుని అడుగడుక్కీ బరువవుతోంది. నబీసాబ్ ఇల్లు ఊరి చివర మల్బరీ తోట పక్కన ఉంది.

నబీసాబ్ బక్కపల్చటి మనిషి, యాభై దాటాయి. పట్నం నుంచి సారు వచ్చాడని తెలియగానే తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, పక్కచూపులు చూడటం మొదలుపెట్టాడు. ఆయన భార్య మస్తాన్‌బీ మంచినీళ్ల చెంబు అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. గడపలో ముసలామె ఒకామె ఆకువక్క దంచుకుంటూ కూర్చుంది. ఆమె హుస్సేన్‌బీ, నబీసాబ్ తల్లి.

"గుడ్ల కాయితం ఒకసారి చూపిస్తావా మామా?" అన్నాడు యూనస్.

ఫిర్దోస్ తలుపు పక్కనుంచి, "నిన్న నేను అబద్ధాలకోరుని. ఈపొద్దు మా నాయన నీకు మామ. బాగుండాది సారూ," అంది.

పెద్దవాళ్లెవరినైనా మామా అని పిలవడం అతనికి చిన్నప్పటి అలవాటు. అయినా ఆ మాటతో తలదించుకుని పురుగుల గదిలోకి దూరాడు.

గది మూలన గోడకు పాత క్యాలెండరులోని జనవరి కాగితం తలకిందులుగా తగిలించి ఉంది. యూనస్ దాన్ని తీసి వెలుతురులో పట్టుకున్నాడు. కాగితం నిండా ఆవగింజల్లాంటి ఖాళీ గుడ్డు పెంకులు అంటుకుని ఉన్నాయి.

"జనవరి నెలలో ఇన్ని చుక్కలుండవే మామా?"

నబీసాబ్ కాసేపు కాలి వేలితో నేల గీరాడు. చివరికి చెప్పేశాడు. "మే నెల పంట ఎంత బాగొచ్చింది సారూ! అంత ముద్దైన గూళ్లు మా తోటలో ఎప్పుడూ రాలేదు. అందులోకెల్లా మంచివి ఏరి పక్కన పెట్టుకున్నా. రెక్కల పురుగులు బయటికొచ్చినాయి, జత కట్టినాయి, ఆ కాయితం మీద గుడ్లు పెట్టినాయి. మంచిదాని కడుపున మంచిదే గదా పుట్టాల? శెనక్కాయ ఇత్తనం అట్లనే గదా దాచుకుంటాం?"

ఫిర్దోస్ మొహం కందిపోయింది. "నాయనా! నాతో ఒక్క మాటన్నా చెప్పలేదే! ఆఫీసులో ఎంత గొడవ చేసొచ్చినా!"

"చెప్తే నువ్వు నగుతావని..."

ఆ మనిషి తల వంచుకున్న తీరు చూసి యూనస్‌కు కోపం రాలేదు. పై జేబులో మెమో ఉందన్న సంగతి కూడా మరిచిపోయి అరుగు మీద చతికిలబడ్డాడు. "చేట ఒకటి, కాసిన్ని గూళ్లు తీసుకురా," అన్నాడు ఫిర్దోస్‌తో.

చేటలో గూళ్లు పరిచి మొదలుపెట్టాడు. "మేం మీకిచ్చే గుడ్లు రెండు జాతులు కలిపి చేసినవి మామా. తల్లి మైసూరు జాతి. దాని గూడు పసుపు, మొన తేలుంటాది. తండ్రి ఇంకో జాతి. దాని గూడు తెలుపు, నడుము దగ్గర నొక్కుంటాది. ఒక్కో గుణానికి పురుగు లోపల రెండు చీటీలు ఉంటాయనుకో. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. మొదటి కాన్పులో అన్నిటికీ ఒకటి పసుపు చీటీ, ఒకటి తెలుపు చీటీ. పసుపుది పైకి కనిపిస్తాది, తెలుపుది కింద దాక్కుంటాది. అందుకే మే నెల పంటంతా ఒకటే తీరు."

"మరి ఇప్పుడేమైంది?" అంది ఫిర్దోస్. ఆమె ఎప్పుడు వచ్చి చేట అవతల కూర్చుందో అతనికి తెలియలేదు.

"ఆ పసుపు గూళ్ల పురుగులే ఒకదానితో ఒకటి జత కట్టినాయి. పిల్లకి ఇచ్చేటప్పుడు రెండు చీటీల్లో ఏదో ఒకటే ఇస్తారు. ఏది పోతాదో ఎవరి చేతుల్లోనూ లేదు. రెండు దిక్కుల నుంచీ తెలుపు చీటీనే వచ్చిందంటే..." ఒక తెల్లగూడు తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది. నాలుగింట్లో ఒకటి ఇట్ల వస్తాది. రంగొకటే కాదు, ఆకారం, సైజు, మేసే ఆకలి, అన్నీ ఇట్లనే విడిపోయి మళ్లా కొత్తగా కలుస్తాయి. ఇది చూడు. తాత రంగు, అవ్వ ఆకారం. తెల్లది, మొన తేలింది. ఇట్లాంటిది ముందు తరంలో యాడా లేదు."

"అంటే చీటీలన్నీ కలగలిపి ఇస్తారా?"

"ఔ. చీటీలు దండలాగా గుచ్చుంటాయి. తల్లి దండ, తండ్రి దండ పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. అయితే పట్టుపురుగుల్లో ఒక చిత్రం ఉండాది. ఈ ముక్కలు మార్చుకునే పని మగ పురుగులోనే జరుగుతాది. ఆడదాంట్లో దండ తెగదు."

ఫిర్దోస్ కళ్లు మెరిశాయి. "చూసినావా నాయనా! ఆడది ఉన్నది ఉన్నట్టు ఇస్తాది. తారుమారు చేసేదంతా మగోళ్లే!"

నబీసాబ్ కూడా నవ్వేశాడు. యూనస్ నవ్వుతూ, నవ్వినప్పుడు ఆ అమ్మాయికి ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుందని గమనించి, చెప్పాల్సింది మరిచిపోయాడు.

ఆమె తెల్లగూడు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. నవ్వు మెల్లగా తగ్గింది. "తల్లీ పసుపే, తండ్రీ పసుపే. అయినా ఇది వాళ్ల బిడ్డే. అంతేనా సారూ?"

"వాళ్ల బిడ్డే. రెండు పక్కలా దాక్కొని ఉండింది, ఇప్పుడు బయటపడింది."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. గడపలో ముసలామె దంచడం ఆపింది. ఎవరి మొహమూ చూడకుండా గోడ పట్టుకుని లేచి, మల్బరీ తోటలోకి వెళ్లిపోయింది.

యూనస్‌కు ఏమీ అర్థం కాలేదు. తానేదో అనకూడని మాట అన్నానేమో అనుకుంటూ బస్సెక్కాడు.

నాలుగో రోజున ఫిర్దోస్ ఆఫీసుకు వచ్చింది. తప్పు తమదేనని రాసిన కాగితం గంగాధరప్పకు ఇచ్చి, కింద నబీసాబ్ వేలిముద్ర చూపించింది. ఆయన సంతోషం పట్టలేక ఆమెకు బిస్కెట్లు తెప్పించాడు. మెమో చించేశాడు.

బయట వాన పెద్దదైంది. కేంద్రం ముందు టీకొట్టు రేకు కింద ఇద్దరూ నిలబడాల్సి వచ్చింది. నీళ్లు రేకు అంచు నుంచి తెరలా దిగుతున్నాయి.

"ఆ పొద్దు చానా మాటలన్న్యా. మనసులో పెట్టుకోవద్దు."

"పెట్టుకున్నా. టీలో గూడు వేసిన సంగతి చచ్చేదాకా మరిచిపోను."

ఆమె నవ్వింది. ఆ తర్వాత టీ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని, వాన వైపు చూస్తూ అడిగింది. "చీటీల లెక్క మనుషుల్లో కూడా ఉండాదా?"

"ఉండాది. కానీ ఇంత సులువుగా తేలదు. ఒక్కో గుణానికి చానా చీటీలు కలుస్తాయి. ఏంటికి?"

"మా నాయన కండ్లు నలుపు. అమ్మవి నలుపు. నావి చూసినావు గదా." ఆమె గొంతులో దాచుకున్నదేదీ లేదు, అలవాటైపోయిన బాధ తప్ప. "నేను పుట్టిన నాటినుంచీ మా అమ్మ బావి దగ్గరికి పోతే ఆడోళ్లు మాటలు ఆపేస్తారు. నాకు రెండు సంబంధాలు వచ్చినాయి. రెండూ ఊర్లో విచారించుకోని తిరిగిపోయినాయి. మా నాయన ఏపొద్దూ అమ్మను ఒక్క మాట అడగలేదు. అడగలేదంటే నమ్మినాడో, అడిగేదానికి భయపడినాడో మా అమ్మకు తెలీదు. ఇరవైరెండేండ్లు సారూ. నువ్వు ఆ తెల్లగూడు నా ముందర పెట్టినప్పుడు మా అమ్మ వంటింట్లో గోడకు ఆనుకోని ఏడ్సింది."

యూనస్‌కు ఆమె అమ్మ మొహం గుర్తొచ్చింది. "నీ కండ్ల రంగు కూడా రెండు పక్కలా దాక్కోనుండొచ్చు. మీ నాయన దిక్కు ఎవురికన్నా ఉండిందేమో అడిగినారా?"

"అవ్వను అడిగితే, మా వంశంలో అట్లాంటివి లేవు అంటాది. ప్రతిసారీ అంతే."

వాన తగ్గింది. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, "నీకెందుకు చెప్పినానో నాకే తెలీదు," అని గబగబా బస్టాండు వైపు నడిచింది.

సెప్టెంబరులో నబీసాబ్ కేంద్రానికి వచ్చి, సీలు వేసిన గుడ్లు తీసుకుపోయాడు. ఆ పంట బాగా రావాలని యూనస్‌కు ఎంత పట్టుదలంటే, పురుగులు పొర విడిచిన ప్రతిసారీ పెనుకొండ బస్సెక్కాడు. పురుగు గూడు కట్టే ముందు నాలుగుసార్లే పొర విడుస్తుంది. అతను మాత్రం ఏడుసార్లు వెళ్లాడు.

"ఈపొద్దు దేనికి సారూ?" అనేది ఫిర్దోస్, మల్బరీ ఆకు తరుగుతూ.

"గదిలో తేమ చూద్దామని."

"నిన్ననే చూసిపోయినావే?"

"నిన్న వాన. ఈపొద్దు ఎండ."

"ఔనౌను. ఎండలో తేమ చూసేదానికి హిందూపురం నుంచి రావాల్సిందే." అని ఆకుల బుట్ట అతని చేతిలో పెట్టేది. "వచ్చినావు గదా, వేయి."

పురుగులు వేలకొద్దీ ఒకేసారి ఆకు కొరుకుతుంటే గదిలో సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు. ఆ చప్పుడులో ఇద్దరూ చెరో తట్ట పక్కనా నిలబడి మాట్లాడుకునేవారు. ఆమె ఇంటర్ మధ్యలో ఆపేసిందని, మళ్లీ పరీక్ష రాయాలనుకుంటోందని అతనికి తెలిసింది. అతని నాయన చిన్నప్పుడే పోయాడని, తల్లి జైతూన్‌బీ బట్టలు కుట్టి చదివించిందని ఆమెకు తెలిసింది.

గూళ్లు కట్టే వారం వచ్చింది. పురుగుల్ని గూళ్లు కట్టడానికి వదిలే వెదురు చంద్రికల నిండా గూళ్లు, అన్నీ ఒకే పసుపు, ఒకే సైజు. యూనస్ ధైర్యం కూడదీసుకున్నాడు.

"ఫిర్దోస్. మా అమ్మను మీ ఇంటికి పంపియ్యనా?"

గూళ్లు ఏరుతున్న ఆమె చెయ్యి ఆగింది. "ఎందుకు?"

"ఎందుకో నీకు తెలీదా? నేను ఆలోచించినా. నీ కండ్ల సంగతి మా అమ్మకు నేను బొమ్మ గీసి చెప్తా. మీ అమ్మ తప్పేమీ లేదని లెక్కతో సహా..."

"వద్దు." ఆమె లేచి నిలబడింది. ఆ తేనెకళ్లలో మొదటిరోజు కోపం మళ్లీ కనబడింది. "లెక్క సరిపోయిందని చేసుకుంటావా నువ్వు? రేపు ఇంకెవురో వచ్చి ఆ లెక్క తప్పని చెప్తే? అప్పుడు మా అమ్మ మళ్లా తప్పు చేసినదైపోతాదా? నన్ను మా అమ్మ కూతురని చేసుకునేవాడు కావాల నాకు. రుజువు అడగనోడు కావాల."

తాను చేసిన పొరపాటు అతనికి అర్థమైంది. మంచి చేస్తున్నాననుకుంటూనే ఊరివాళ్ల అనుమానానికి జవాబు చెప్పడానికి తయారయ్యాడు. ఆ జవాబు ఆమెకు కావాలా అని అడగనే లేదు.

"లెక్క తప్పినా నువ్వే కావాల," అన్నాడు మెల్లగా. "గూడు నీళ్లలో పడిన పొద్దు నాకే లెక్కా తెలీదు. ఆ పొద్దే అనుకున్నా."

"టీలో," అంది ఆమె.

"ఆఁ?"

"పడింది నీళ్లలో కాదు, టీలో." అని మొహం తిప్పుకుంది. ఎడమ బుగ్గ మీద సొట్ట మాత్రం దాచుకోలేకపోయింది. "పంపియ్యి మీ అమ్మను."

శుక్రవారం నమాజు తర్వాత జైతూన్‌బీ, ఆమె తమ్ముడు కరీంసాబ్ యూనస్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. నబీసాబ్ అరుగు మీద కొత్త చాప పరిచాడు. జైతూన్‌బీ పిల్లను చూడగానే దగ్గర కూర్చోబెట్టుకుంది. "కుట్టు తెలుసా అమ్మీ?" అంది. "తెలీదు, నేర్పిస్తే నేర్చుకుంటా," అంది ఫిర్దోస్. ఆ జవాబు ఆమెకు నచ్చింది.

కరీంసాబ్ మాత్రం వచ్చేదారిలో ఊళ్లో విచారించుకుని వచ్చాడు. టీ తాగాక గొంతు సవరించుకున్నాడు. "అన్నీ బాగానే ఉండాయి నబీసాబన్నా. ఒక్క మాట అడగకపోతే రేపు మాకే చెడ్డపేరు. పిల్ల కండ్లు... ఊర్లో వాళ్లు ఏందో అంటాండారు..."

మస్తాన్‌బీ తలుపు పట్టుకుని నిలబడింది. నబీసాబ్ చాప అంచు పీకుతున్నాడు.

"మామా," అన్నాడు యూనస్ కరీంసాబ్‌తో, లేచి. "ఇంక చాలు. ఆ ప్రశ్న ఈ ఇంట్లో ఎవురూ అడగొద్దు. నేను ఫిర్దోస్‌ను చేసుకుంటా. నువ్వు పెద్దరికంగా నిలబడితే సంతోషం. నిలబడకపోయినా ఇది మారదు."

"ఏందిరా ఆ మాట? మీ నాయన లేడని నేను..."

"ఉండండి."

ఆ గొంతు గడపలోంచి వచ్చింది. హుస్సేన్‌బీ గోడ పట్టుకుని లేచి, అరుగు మధ్యకు వచ్చింది. మనవరాలి గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది.

"ఇవి మా అమ్మ కండ్లు," అంది.

ఫిర్దోస్ అవ్వ మణికట్టు పట్టుకుంది.

"మాది ధర్మవరం. మా అమ్మకు అచ్చం ఇవే కండ్లు. పిల్లికండ్లదని, దాని చూపు పడితే మగ్గం మీద పోగు తెగుతాదని వీధిలోకి రానిచ్చేవాళ్లు కాదు. నాకు నల్లకండ్లు వచ్చినాయని మా నాయన ఎంత సంతోషపడినాడో. పెండ్లయి ఈడికి వచ్చేటప్పుడు, మీ అమ్మ సంగతి ఎవురికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. చెప్పలేదు. నా కొడుక్కు కూడా చెప్పలేదు." ఆమె మస్తాన్‌బీ వైపు తిరిగింది. "ఈ బిడ్డ పుట్టినప్పుడు మొహం చూస్తూనే తెలిసింది నాకు. మా అమ్మే వచ్చింది అనుకున్నా. నోరు తెరిచి చెప్పింటే ఆ పొద్దే అయిపోయేది. మా అమ్మను అన్న మాటలు మళ్లా నన్ను అంటారని భయపడినా. వాళ్లు నిన్ను అంటాంటే విన్యా. ఒకరోజు రెండ్రోజులు కాదు, ఇన్నేండ్లు విన్యా. ఆపొద్దు ఈ అబ్బాయి రెండు పక్కలా దాక్కోనుంటాది అన్నాక నాకు కూడు దిగలేదమ్మా."

ముసలామె చేతులు జోడించబోయింది. మస్తాన్‌బీ పరుగున వచ్చి ఆ చేతులు పట్టుకుంది. చాలాసేపు పట్టుకునే ఉంది. క్షమించానని గానీ, క్షమించలేదని గానీ చెప్పలేదు. తర్వాత నబీసాబ్ వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి అందరి ముందూ అడిగింది.

"నువ్వు ఏమనుకున్నావు? నిజం చెప్పు."

నబీసాబ్ తలగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. "నా బిడ్డే అనుకున్నా. వేరే ఏమీ అనుకోలేదు మస్తానమ్మా. అనుకోలేదని నీతో చెప్పల్ల అని మాత్రం తోచలేదు. నేనొక మొద్దును."

"ఔ. మొద్దువే," అని ఆమె ఏడుస్తూనే నవ్వింది.

కరీంసాబ్ చాప మీద ఇబ్బందిగా కదిలాడు. జైతూన్‌బీ తమ్ముడి వైపు ఒక్క చూపు చూసి, సంచిలోంచి చక్కెర పొట్లం తీసి ఫిర్దోస్ నోట్లో ఇంత పోసింది. "నేను కుట్టు నేర్పిస్తా," అంది. "నువ్వు ఇంటర్ పరీక్ష రాయి."

ఆ తర్వాతి ఆదివారం రెండు కుటుంబాలూ కలిసి ధర్మవరం ప్యాసింజరెక్కాయి. హుస్సేన్‌బీ తమ్ముడు పీరాసాబ్ అక్కడ మగ్గాల సామాన్లు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతున్నాడు. పెళ్లయ్యాక ఆమె పుట్టింటికి వెళ్లింది రెండు మూడుసార్లే, అదీ ఒంటరిగా.

వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. పీరాసాబ్ ఇంటి తలుపు తట్టగానే ఆరేళ్ల పిల్ల ఒకతి తీసింది. నూనె పెట్టి బిగించి అల్లిన జడలు, నోట్లో సగం కొరికిన జామకాయ. తేనెలో కాస్త ఆకుపచ్చ కలిపినట్టున్న కళ్లతో అందరినీ ఎగాదిగా చూసింది.

"ఎవురు కావాల?" అంది.

మస్తాన్‌బీ అక్కడే గుమ్మం ముందు కూర్చుండిపోయింది. పిల్లను దగ్గరికి లాక్కుని, రెండు కళ్ల మీదా ముద్దు పెట్టుకుంది. పిల్ల బెదిరి తాతను కేకేసింది. పీరాసాబ్ బయటికొచ్చి అక్కను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక ఆ వీధంతా వినబడేలా ఏడ్చాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పెళ్లి తేదీ నిర్ణయమైంది. కరీంసాబ్ అందరికంటే ఎక్కువ మాట్లాడాడు, అందరికంటే ఎక్కువ బిర్యానీ తిన్నాడు.

సాయంత్రం తిరుగు బండిలో జనం తక్కువ. పెద్దవాళ్లంతా ఒక వైపు కూర్చున్నారు. ఇంకో వైపు కిటికీ దగ్గర యూనస్, ఫిర్దోస్. బయట శెనక్కాయ చేలు వెనక్కి పోతున్నాయి.

"సారూ, ఒక డౌటు."

"ఇంకా సారేనా?"

"పెండ్లయ్యేదాకా సారే. మనకు పుట్టే బిడ్డలు ఎట్లుంటారు? లెక్క కట్టి చెప్పు."

యూనస్ ఉత్సాహంగా జేబులోంచి పెన్ను తీశాడు, టికెట్టు వెనక గీత గీశాడు. "చూడు, నీ దగ్గర రెండూ ఒకటే చీటీలు. నా దగ్గర నలుపు ఒకటి కనిపిస్తాది. దాని కింద ఏం దాగుండాదో మా అమ్మను, వాళ్ల అమ్మను..."

ఆమె టికెట్టు లాక్కుని మడిచి, గాజుల కింద దోపుకుంది.

"ఏమైంది?"

"వద్దులే. కోపం నాదీ, మతిమరుపు నీదీ రాకుంటే చాలు. మిగతాది పుట్టినాక చూసుకుందాం."

"నాకు మతిమరుపా?"

"ఇందాక టీసీ వచ్చినప్పుడు టికెట్టు ఎవురి దగ్గరుండాదని నన్నే అడిగినావు."

అతను నవ్వాడు. బండి వేగం తగ్గింది. పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చింది. హుస్సేన్‌బీ ముందుగా లేచి, ఊగుతున్న పెట్టెలో కాళ్లు నిలదొక్కుకుని, వెనక్కి చెయ్యి చాపింది.

"మస్తానమ్మా, నా చెయ్యి పట్టుకో. దిగుదాం."